రెండోసారి దగ్గర ఆగిన ఊపిరి

"రేపు పొద్దున్న నీలవేణి జాడ తీస్తారట వదినా" అన్నాడు పరదేశి, ఆసుపత్రి వరండాలోంచి ఫోన్లో.

అవతల హార్బరులో వలల షెడ్డు. పక్కనే ఐసు మిల్లు రొద, పడవ ఇంజన్ల టపటప, రొయ్య తొక్కల వాటా కోసం కాకుల సమ్మె. ఆ గోలలో దీర్ఘం గాలికి కొట్టుకుపోయి, పైడమ్మ చెవిదాకా చేరింది వట్టి "జడ".

"ఏటీ? తీసేత్తారా?"

"తీస్తారు. నొప్పేమీ ఉండదంట. పైపైనే తీసేదంట."

"ఏ మాత్రం తీస్తారు? కొసలేనా?"

"కొసలేటి వదినా! మొదట్నించి చివరిదాకా. ఒక్క పోగు కూడా వదలరంట."

అవతల పైడమ్మ గొల్లుమంది. చెల్లెలి జబ్బు తలుచుకుని ఏడుస్తోందనుకుని పరదేశి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరూ ఒకే ఫోనులో రెండు వేరు వేరు ఏడుపులు ఏడ్చి పెట్టేశారు.

నీలవేణి జడంటే పేటలో మామూలు జడ కాదు. మోకాలి దాకా దిగిన జడ. వల బాగుచేస్తూ కూర్చుంటే వల ఎక్కడ ఆగిందో, జడ ఎక్కడ మొదలయిందో పోల్చుకోవడం కష్టం. అలాంటి జడ తీసేస్తారంటే తల కోస్తారన్నమాటేనని ఒకరు, బుర్ర తెరిచి చూస్తారని ఒకరు, చూశాక మూస్తారో లేదో అని ఇంకొకరు. ఆ అపార్థాన్ని పేటలో అలా పెరగనిచ్చి, అసలు జాడ సంగతికి వద్దాం.

గనగళ్ల పరదేశి పేరుకే పరదేశి. యాభై దాటినా విశాఖ హార్బరు దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు. వృత్తి చేపల వేలంపాట. ఆ పాటకు రాగం ఉండదు గాని తాళం ఉంటుంది. చేతిలో వెదురుబద్ద పట్టుకుని, చేపల తొట్టె అంచు మీద టక్‌మని ఒక దెబ్బ: "ఒకటోసారి!" టక్‌మని ఇంకో దెబ్బ: "రెండోసారి!" అక్కడ ఆగుతాడు. చుట్టూ ఉన్న జనం ఊపిరి బిగపడతారు. అప్పుడు మూడో దెబ్బ. సరుకు ఖాయం.

ఇంట్లో కూడా ఇదే వరస. జోకు వెయ్యాలనిపిస్తే వేలి ఉంగరంతో స్టీలు గ్లాసు మీదో, మంచం పట్టె మీదో రెండు దెబ్బలు కొట్టి ఆగేవాడు. నీలవేణి చేతిలో పని ఆపి చూసేది. మూడో దెబ్బతో పాటు జోకు ఊడిపడేది. బేరం కుదరని రోజు "రొయ్యో మొర్రో" అనేవాడు. కోనం చేప తెచ్చిన రోజు "దీన్ని ఏ కోణంలో కోస్తావే" అనేవాడు. వేలంపాటగాడు కాబట్టి జోకులు కూడా వేలకు వేలు వేశాడు. పేటలో వాళ్ళు చెవులు మూసుకున్నా నీలవేణి నవ్వేది. అతనికి ఆ నవ్వు చాలు.

ఆరేళ్ళ కిందట ఆమెకు మెదడు అడుగున జ్వరం సోకింది. జ్వరం పోయింది గాని, పోతూ పోతూ ఊపిరి తీయాలన్న జ్ఞాపకాన్ని వెంటబెట్టుకు పోయింది. మెలకువగా ఉంటే గుర్తుపెట్టుకుని పీల్చుకోవాలి. కునుకు పట్టిందా, ఒళ్ళు మరిచిపోతుంది. అప్పుడు కొండ మీది పరిశోధనా కేంద్రం ఆసుపత్రిలో డాక్టర్ ఫిరోజా ఆమె మెడ ఎముక కింద చొక్కా బొత్తాం అంత చిప్పు అమర్చింది. దాన్నుంచి ఊపిరితిత్తుల అడుగున ఉండే కండరానికి ఒక తీగ, చెవి వెనక్కి ఒక తీగ. ఎదుటివాళ్ళ మాట వింటేనే కదా, మన మాటకు ఊపిరి ఎప్పుడు దాచుకోవాలో తెలిసేది.

ఆ చిప్పులో నడిచే ప్రోగ్రాం పేరు ఊయల. పుట్టినప్పుడు దానికి తెలిసింది రెండే పనులు: పీల్చు, వదులు. మిగతా చదువంతా నీలవేణి ఒంట్లోనే సాగింది. మెతుకు మింగేటప్పుడు ఎంతసేపు ఆగాలి, వీధి చివర ఉన్నవాణ్ణి కేకేయడానికి ఎంత గాలి నింపాలి, నవ్వును ముక్కలు ముక్కలుగా ఎలా వదలాలి, అన్నీ నేర్చుకుంది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు తనను తానే తిరగరాసుకుంది. ఇప్పుడు లోపల ఏం రాసి ఉందో మొదట రాసిన ఫిరోజాకే తెలియదు. మార్చాలంటే దాన్ని ఆపాలి. ఆపితే నీలవేణి ఆగిపోతుంది.

మొన్న చలికాలంలో ఒక తీగ కాస్త వదులైతే, చిన్న కోత కోసి బిగించారు. "కుట్లు ఆరేదాకా ఆమెను నవ్వించకండి పరదేశి గారూ. గట్టిగా నవ్వితే తీగ మళ్ళీ లాగేస్తుంది" అంది ఫిరోజా.

పరదేశి ఆ మాట తు.చ. తప్పలేదు. జోకు గొంతుదాకా వచ్చేది, మింగేవాడు. "ఇన్ని జోకులు మింగితే అజీర్తి చెయ్యదేటి మావా" అని నీలవేణే వెక్కిరించేది.

ఆ తరవాతే మొదలయింది. ఉన్నట్టుండి ఆమె ఊపిరి ఆగేది. మొదట్లో ఎక్కిలి అంత. తరవాత ఆవలింత అంత. ఆ తరవాత పెదవులు నీలంగా మారేంత. పేరులోని నీలం పెదవుల మీదకు రావడం చూసి పరదేశి రాత్రుళ్ళు నిద్ర మానేశాడు. కుట్లు ఆరిపోయాయి గాని భయం ఆరలేదు. ఇంట్లో ఇక ఎవరూ నవ్వలేదు.

ఫిరోజా ఆమెను అద్దాల గదిలో పెట్టించింది. తలుపు మీద "నిశ్శబ్దం" అని పలక. కాపలా కాసి చూస్తే తేలింది ఒకటే సంగతి: ఊపిరి ఆగేది పరదేశి పక్కన ఉన్నప్పుడే. నర్సులుంటే ఆగదు. పైడమ్మ ఉంటే ఆగదు. పరదేశి వచ్చి మంచం పక్కన కూర్చుంటే చాలు, ఆగుతుంది. ఫోను బయట పెట్టించారు. మొలతాడు విప్పించారు. వేలికి పట్టేసిన వెండి ఉంగరం సబ్బు రాసినా రాకపోతే, దాని దగ్గర అయస్కాంతం ఆడించి చూసి, ఇది నిరపాయమని వదిలేశారు. అయినా ఆగుతూనే ఉంది.

"కొన్నాళ్ళు మీరు లోపలికి రాకండి" అంది ఫిరోజా అతని ముఖం చూడకుండా. "మీరు దూరంగా ఉంటే ఆమె బాగుంది."

పెళ్ళాం బాగుండాలంటే తను దూరంగా ఉండాలన్న మాట ఏ మొగుడికైనా కష్టమే. అందులోనూ పరదేశి నోరున్నవాడు. అయినా లేచి బయటికొచ్చి, అద్దానికి నుదురు ఆన్చాడు. అద్దం అవతల నుంచి నీలవేణి చెయ్యి ఊపింది. నర్సు చేత కబురు పంపింది: "ఆగినప్పుడు నొప్పేటీ ఉండదు మావా. దేనికో ఎదురుచూస్తన్నట్టు ఉంటాది. దేనికో మాత్రం తెల్దు."

కేంద్రంలో పెద్దలు కూర్చుని తీర్మానించారు: తప్పు ఎక్కడుందో దొరక్కపోతే ఊయలను ఆపి, కొత్తది పెట్టాలి. కొత్తదంటే మళ్ళీ పసికూన. పీల్చు, వదులు తప్ప ఏమీ రాదు. నీలవేణి మళ్ళీ మాట్లాడటానికి ఏళ్ళు పట్టొచ్చు. మార్చేటప్పుడు గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషను మీద ఉంచాలి. ఆ మిషను మీంచి ఆమె దిగుతుందని ఎవరూ రాసివ్వలేదు.

అప్పుడు ఫిరోజా వేగును తీసింది. వేగు అంటే అరచేయంత పలక. చర్మం మీద, చిప్పుకు సరిగ్గా పైన ఆనిస్తారు. ప్రోగ్రాం నడుస్తుంటే చిప్పులో కలిగే వెచ్చదనాన్ని, అదురును పసిగట్టి, ఏ క్షణంలో లోపలి ఏ ముక్క ఏ ముక్కను పిలిచిందో తెర మీద పోగులు పోగులుగా చూపిస్తుంది. పాత సంగతులు ఊయల ఎక్కడైనా దాచుకుంటే అవీ చదువుతుంది. ఆ పోగులన్నీ కలిపి జాడ. ఇంతవరకు బల్ల మీది చిప్పులకే పెట్టారు. మనిషికి పెట్టడం ఇదే మొదలు.

"ఊయలలో ఒక్క అక్షరం మార్చదు. ఒక్క అక్షరం చేర్చదు. దాన్ని చూస్తున్నట్టు దానికే తెలియదు" అని ఫిరోజా గర్వంగా చెప్పింది.

"తెలిసింది డాక్టరమ్మా" అన్నాడు పరదేశి. "మా దగ్గర తువ్వాలు కింద చేతులు పట్టుకుని బేరమాడేవాళ్ళుంటారు. పక్కన నిలబడి భుజాల కదలిక చూసి బేరం ఎంతకు తెగిందో చెప్పేసేవాడు ఒకడుంటాడు. తువ్వాలు ముట్టుకోడు. అయినా వాడంటే ఎవరికీ పడదు."

ఫిరోజా నవ్వింది. చివరి మాట ఆమె చెవిన పడలేదు.

మర్నాడు తెల్లవారాక, కొండ ఎక్కేముందు, పరదేశి హార్బరుకు వెళ్ళాడు. పడవలు వచ్చే వేళ పాటగాడు లేకపోతే చేపలు ఎండకు పాడవుతాయి. వలల షెడ్డు దగ్గర ఆడవాళ్ళు అతన్ని కొరకొరా చూశారు. పైడమ్మ తల చుట్టూ కొంగు బిగించి కట్టుకుని, మొహం తిప్పుకుంది. ఎండకు కట్టుకుంది కాబోలు అనుకున్నాడు.

చందువా చేపల తొట్టె దగ్గర నిలబడి బద్ద ఎత్తాడు. "ఒకటోసారి!" టక్. "రెండోసారి!" టక్.

అక్కడ ఆగాడు. ఆగినవాడు ఆగినట్టే ఉండిపోయాడు. కొండ మీది అద్దాల గది కళ్ళముందుకొచ్చింది. ఇవాళ తప్పు దొరక్కపోతే నీలవేణి గొంతు ఇక వినబడదు. చుట్టూ ఉన్న జనం బిగపట్టిన ఊపిరి బిగపట్టినట్టే నిలబడ్డారు. కాకులు కూడా సద్దుమణిగాయి.

"ఒరే పరదేశీ, కొట్టరా బాబూ! ఊపిరాడక సచ్చిపోతన్నాం" అని ఎవరో అరిచారు.

ఉలిక్కిపడి మూడోది కొట్టాడు. జనమంతా హమ్మయ్య అని ఒక్కసారి గాలి వదిలారు. ఆ గాలి అతని మొహానికి కొట్టింది గాని బుర్రకు తగల్లేదు. చొక్కా మార్చుకుని కొండెక్కాడు.

అద్దాల గదిలో నీలవేణి దిండుకు ఆనుకుని కూర్చుంది. మెడ ఎముక మీద వేగు. జడ ముందుకు వేసుకుంది, ఒళ్ళో పెంపుడు పిల్లిలా చుట్టుకుని పడుకుంది అది. గోడకు ఉన్న తెర మీద సన్నటి పోగులు పైకీ కిందకీ ఊగుతున్నాయి. పీల్చు, వదులు, పీల్చు, వదులు. నర్సు మంచినీళ్ళిస్తే "మింగు" అన్న పోగు వెలిగి ఆరింది. ఫిరోజా పెట్టిన పేర్లు అవి. వాటి మధ్య ఊయల తనంతట నేర్చుకున్న ముక్కలు బోలెడు. వాటికి పేర్లు లేవు.

"ఇప్పుడు మీరు వెళ్ళి మామూలుగా ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి" అంది ఫిరోజా.

"ఆగిపోతే?"

"ఆగాలి. ఆగితేనే ఎందుకాగిందో కనబడుతుంది. మిషను పక్కనే ఉంది. నేనిక్కడే ఉన్నాను."

పెళ్ళాం ఊపిరి ఆపడానికి పిలిపించుకున్న మొగుడు లోకంలో తనొక్కడేనేమో అనుకుంటూ పరదేశి లోపలికెళ్ళాడు. కుర్చీ లాక్కుని మంచం ఇనుప పట్టె మీద చెయ్యి ఆన్చాడు.

"సన్నబడ్డావు మావా" అంది నీలవేణి.

"నిన్ను చూడక."

"బాగానే సెప్తావు. చందువాలు పడ్డాయా?"

"పడ్డాయి."

పక్కనే ఊపిరి మిషను నల్లగా, గొట్టాలు వేలాడేసుకుని ఉంది. దాన్ని చూస్తే అతనికి చటుక్కున ఒక జోకు స్ఫురించింది. స్ఫురించగానే ఫిరోజా మాట గుర్తొచ్చింది, పలక మీది నిశ్శబ్దం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

నీలవేణి ఊపిరి ఆగింది.

తెర మీద పోగులన్నీ నిలిచిపోయాయి, ఒక్కటి తప్ప. పేరులేని ఆ ముక్క ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది.

"దొరికింది!" అంది ఫిరోజా గాజు అవతల నుంచి, మైకులో. "పాడైపోలేదు, చిక్కుపడలేదు. అది ఎదురుచూస్తోంది. చెవి తీగను అడుగుతోంది, వచ్చిందా, వచ్చిందా అని. ఏం రావాలి? పరదేశి గారూ, ఏం చేశారు మీరు ఇప్పుడు?"

"ఏటీ చెయ్యలేదు డాక్టరమ్మా! నోరు కూడా మెదపలేదు!"

నీలవేణి కళ్ళు అతని మీదే ఉన్నాయి. బాధ లేదు వాటిలో. వల బాగుచేస్తూ పని ఆపి చూసే చూపు. పెదవుల చివర్లు నీలమెక్కుతున్నాయి. ఫిరోజా తలుపు తోసుకొచ్చి మిషను గొట్టం అందుకుంది. "ఇంక ఆగలేను. తప్పుకోండి."

తప్పుకోబోయి పరదేశి తన చెయ్యి చూసుకున్నాడు. ఇనుప పట్టెకు జానెడు ఎత్తున ఆగి ఉంది. ఉంగరం వేలు వంగి ఉంది. అది అప్పటికే రెండుసార్లు పట్టెను కొట్టిందని, మూడోదానికి లేచి, జోకుతో పాటు తనూ ఆగిపోయిందని అతనికి అప్పుడు తెలిసింది. నోటికి తాళం వేశాడు గాని వేలికి వెయ్యలేదు. ఇన్ని నెలలూ, ఇంట్లో, ఇక్కడ, మింగిన ప్రతి జోకుకూ ముందు ఆ వేలు రెండు దెబ్బలు కొడుతూనే ఉంది. పొద్దున్న హార్బరులో మొహానికి కొట్టిన గాలి ఇప్పుడు బుర్రకు తగిలింది.

టక్!

"మూడోసారి!" అని గది అదిరేలా అరిచాడు. "డాక్టరమ్మా, ఈమెకు కావలసింది ఆక్సిజన్ కాదు, ఆక్షన్ జనం!"

అంత అధ్వాన్నమైన జోకు అతను కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

తెర మీద ఎర్ర పోగు ఆరిపోయింది. "నవ్వు" అన్న పోగు వెలిగింది. నీలవేణి నోట్లోంచి గాలి ముక్కలు ముక్కలుగా, నవ్వుగా బయటపడింది. తరవాత పీల్చు. వదులు. పీల్చు. పెదవులకు రంగు తిరిగింది.

పరదేశి కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫిరోజా తెర దగ్గరకు పరుగెత్తింది. ఆనందంలో ఆమెకు ఒళ్ళు తెలియలేదు. "ఇలా రండి, చూడండి! రెండు దెబ్బలు వినగానే ఊపిరి పట్టి ఉంచడం నేర్చుకుంది. మూడో దెబ్బకు నవ్వు కోసం గాలి సిద్ధం చేస్తుంది. ఆరేళ్ళూ మీరు తప్పకుండా మూడోది కొట్టారు కాబట్టి ఎప్పుడూ చిక్కు రాలేదు. పాతవన్నీ దాచుకుంది కూడా. చూడండి, నవ్వుకు రెండు దారులున్నాయి! ఈ పోగు ఒంట్లోంచి దానంతటది పొంగుకొచ్చే నవ్వు. ఈ పోగేమో ఆమె కావాలని అడిగి తెప్పించుకునే..."

ఆమె గొంతు అక్కడ తగ్గిపోయింది.

పరదేశి కళ్ళు తుడుచుకుని తెర చూశాడు. "ఇప్పుడొచ్చింది ఏ దారి?"

ఫిరోజా తెరకు అడ్డంగా జరిగింది.

"చేపలు చూసేవాణ్ణి డాక్టరమ్మా. తాజావి ఎన్ని, ఐసులోవి ఎన్ని అని చెప్పడానికి నా దగ్గర మొహమాటమెందుకు?"

"ఇది ఐసుది" అంది ఫిరోజా నెమ్మదిగా.

"ముందువి?"

"తాజావి ఉన్నాయి. లేకపోలేదు. కాని ఎక్కువ ఐసువే."

వేలకు వేలు వేసిన జోకులు. అతను ఆ నవ్వు చూసుకునే మర్నాడు మళ్ళీ బద్ద పట్టేవాడు. ఆ నవ్వుకే పేటలో తలెత్తుకు తిరిగేవాడు. ఇప్పుడు ఆ సరుకంతా తెర మీద పరిచి, మొప్పలు ఎత్తి చూపించారు. మిషను మీద పెట్టాల్సిన అవసరం తప్పిందని సంతోషించాలో, ఇది చూసినందుకు ఏడవాలో తెలియక అతను తన ఉంగరం కేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏటి సూసినారు ఇద్దరూ?" అంది నీలవేణి మంచం మీంచి. "ఎవరో పోయినట్టు ఆ మొహాలేటి?"

ఫిరోజా చెప్పింది. దాచడానికి ఇక ఏముంది. మొత్తం విని నీలవేణి దిండు వదిలి నిటారుగా కూర్చుంది. గొంతు పెద్దది కాలేదు గాని పదును తేలింది.

"నా ఒంట్లో తప్పు ఎతకమన్నాను గాని డాక్టరమ్మా, నా కాపరంలో ఎతకమన్లేదు. నా నవ్వు ఏ సందులోంచి వొస్తాదో నా మొగుడికెందుకు, నీకెందుకు?"

"నేను దేన్నీ ముట్టుకోలేదమ్మా. చూశానంతే."

"సూడ్డం ముట్టుకోడం కాదేటి? ఆ మొగం సూడు ఎలగైపోనాదో." ఆమె పరదేశి వైపు తిరిగింది. "మావా, ఇటు సూడు. చేపని ఐసులో ఎందుకెడతారు?"

పరదేశి ఉంగరం తడుముకుంటున్నాడు.

"నిన్నే అడుగుతన్నాను. వేలం పాడినోడివి, ఆ మాత్రం తెల్దా?"

"పాడవకుండా."

"మరి! నవ్వు రాని రోజుల్లో కూడా నువ్వు నా మొగం కేసి సూసేవోడివి. జొరమొచ్చి లేచిన రోజుల్లో, పడవ రాని రోజుల్లో. లేని నవ్వు తెచ్చుకుని పెట్టాను. తెచ్చుకున్నది నాది కాదేటి? ఊరకనే వొచ్చిందానికన్నా అదే ఎక్కువ పని."

ఫిరోజా తెర ముందు కుర్చీలో కూర్చుంది. "నవ్వించకండి అన్నది నేనే" అంది, ఎవరికో చెబుతున్నట్టు. "ఊయలలో ఒక్క అక్షరం మార్చలేదని గొప్పలు పోయాను. దాని చుట్టూ ఉన్న ఇల్లు మార్చేశాను. మూడో దెబ్బ లేకుండా చేసింది నేను. నేరం ఈయన మీద వేసి బయటికి పంపింది నేను."

"ఇప్పుడేం చెయ్యాల డాక్టరమ్మా?" అన్నాడు పరదేశి. "రేపు ఎవరో తలుపు రెండుసార్లు కొట్టి ఊరుకుంటే?"

"అదే నా భయం కూడా. ఊయలను ముట్టుకోలేం. అది మీ దగ్గర నేర్చుకుంది, మీరే మరిపించాలి." ఫిరోజా మాటలు వెతుక్కుంది. "రెండు కొట్టి, కొంచెం ఆలస్యంగా మూడోది. ఇంకో రోజు మూడోది మరీ మెల్లగా. అలా అలా, మూడోది రాకపోయినా ఊపిరి వదిలేయొచ్చని దానికి తెలియాలి. నెలలు పట్టొచ్చు."

"అంటే నా జోకు కోసం ఆగడం మానాలి."

"అవును."

ఆరేళ్ళుగా ఆమె ఊపిరి తన మాట కోసం ఆగేదని ఇవాళే తెలిసింది. ఇవాళే, ఆగకు అని దానికి నేర్పే పని తన వేలికే పడింది. పరదేశికి దీని మీద కూడా ఏదో శ్లేష తట్టబోయింది. తట్టనివ్వలేదు.

"నేర్పుతాను" అన్నాడు.

"ఊయల పెట్టుకున్నవాళ్ళు వేరే ఊళ్ళలో ఇంకా ఉన్నారు" అంది ఫిరోజా నీలవేణితో. "ఈ జాడ నా దగ్గరుంటే వాళ్ళకు ఇలాంటిది రాకుండా చూడొచ్చు. కాని జాడ మీది. ఏం చెయ్యమంటారు?"

నీలవేణి జడ కొస వేళ్ళకు చుట్టుకుంటూ ఆలోచించింది. "ఆగిన చోటు ఉంచుకోండి. పదిమందికీ అక్కరకొస్తాది. నవ్విన చోటు తీసీండి. ఒక్క పోగు ఒగ్గకుండా."

"తీసేస్తే మళ్ళీ రాదమ్మా."

"రాకూడదనే."

ఫిరోజా వేలు మీట మీద కాసేపు ఆగింది. ఎన్నేళ్ళు కష్టపడినా ఇలాంటి జాడ ఇంకోటి దొరకదని ఆమెకు తెలుసు. తెర మీద నవ్వుల పోగులు, తాజావీ ఐసువీ అన్నీ, ఒకటొకటిగా ఆరిపోయాయి. వేగును ఊడదీసి పెట్టెలో పెట్టింది. తెర నల్లబడింది.

అప్పుడు గేటు దగ్గర గోల వినబడింది.

"మా గుంట జడ ముట్టుకుంటే ఒక్కొక్కలికీ సెయ్యిరగ్గొడతాను!"

పైడమ్మ. వెనక వలల షెడ్డు ఆడవాళ్ళంతా. వాచ్‌మన్ గేటుకు అడ్డంగా వేలాడుతున్నాడు. పరదేశి, చక్రాల కుర్చీలో నీలవేణిని తోసుకుంటూ ఫిరోజా, వరండాలోకి వచ్చారు. చెల్లెలి ఒళ్ళో నిండు జడ చూసి పైడమ్మ గేటు దాటొచ్చి కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఓలమ్మా, ఇంకా తీయలేదు! డాక్టరమ్మా, నీకు పున్నెముంటాది, దీనిది ఒగ్గీ. జడే కావాలంటే ఇదిగో, నాది తెచ్చాను!"

క్యారీబ్యాగులోంచి రబ్బరుబ్యాండు వేసిన నెరిసిన జడ తీసి ఫిరోజా చేతిలో పెట్టింది. తల మీది కొంగు జారింది. కింద కత్తిరించిన జుట్టు, ఎలుకలు కొట్టిన వలలా ఎగుడుదిగుడుగా ఉంది.

ఫిరోజా ఆ జడను చూసింది, పైడమ్మను చూసింది. "ఇది నాకెందుకమ్మా?"

"రేపు జడ తీస్తారని ఈ మహానుభావుడే కదా ఫోన్ సేసినాడు! మొదట్నించి చివరిదాకా, ఒక్క పోగు ఒగ్గరని!"

పరదేశి నుదురు కొట్టుకున్నాడు. నిన్నటి ఫోను మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. అందరూ అతని కేసి చూస్తున్నారు. వరండా స్తంభానికి ఇనుప గొట్టం ఉంది. ఉంగరం వేలు తనంతట తనే వంగింది. ఈసారి చూసుకుని మరీ కొట్టాడు.

టక్. "ఒకటోసారి! వదినా, వినుకో. నేనన్నది జడ కాదు, జాడ. ఊపిరి ఏ దారిన పోతోందో చూపే గుర్తు. దీర్ఘాన్ని మీ ఐసు మిల్లు మింగేసింది."

టక్. "రెండోసారి! జాడ తీశారు, తప్పు దొరికింది. దొరికాక ఆ జాడలో సగం మీ చెల్లెలే తీసేయించింది. మిషనూ లేదు, కోతా లేదు."

అక్కడ ఆగాడు. ఆడవాళ్ళంతా ఊపిరి బిగపట్టారు. కుర్చీలో నీలవేణి కూడా. ఆమె కళ్ళలో అదే చూపు. అతను ఆమెనే చూస్తూ, ఆలస్యం చెయ్యకుండా కొట్టాడు.

టక్. "మూడోసారి! ఇక్కడ అనవసరంగా పోయింది మా వదిన జడొక్కటే!"

పైడమ్మ తన తల తడుముకుంది. "నీ నోట్లో మన్నుపడ, ఆ ముక్క నిన్ననే సరిగా ఏడవలేకపోనావా!" అంటూ క్యారీబ్యాగు పెట్టి అతన్ని బాదింది. షెడ్డు ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. వాచ్‌మన్ నవ్వాడు. చేతిలో జడతో ఫిరోజా కూడా నవ్వింది.

నీలవేణి నవ్వింది. కుర్చీ చేతులు పట్టుకుని, జడ ఒళ్ళోంచి జారి నేల మీద పడేదాకా, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది.

పరదేశి తెలియకుండానే గాజు అవతల తెర కేసి చూశాడు. అది నల్లగా ఉంది. ఈ నవ్వు తాజాదో ఐసుదో చెప్పేవాళ్ళు ఇక లేరు. అతను వంగి, నేల మీది జడ ఎత్తి, దుమ్ము దులిపి, ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పుడే లోపలికొచ్చిన ఆసుపత్రి వంటావిడ ఏమయిందేమయిందని అడిగితే, జడ ఏదో జాడ ఏదో పైడమ్మ మళ్ళీ మొదట్నించి చెప్పడం మొదలుపెట్టింది.